చంకన లేని బిందె

నీళ్ల బిందె బొమ్మ చూడని తెలుగువాళ్లు ఉండరు. కేలండర్ల మీద, వారపత్రికల ముఖచిత్రాల మీద, సంక్రాంతి ప్రత్యేక సంచికల్లో, సినిమా వాల్‌పోస్టర్ల మీద ఎక్కడ చూసినా బిందె ఉంటుంది. అయితే అది ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, ఆడమనిషి నడుం మీద. ఆ నడుం వంపు చూపించడానికే బిందె పుట్టినట్టు, బిందె కుదురుకోవడానికే ఆ నడుం ఉన్నట్టు వేస్తూ వచ్చారు. తొణికిన నీళ్లు కూడా చీర తడవడానికే పనికొస్తాయి. ఆ బిందె బరువెంత, ఎంత దూరం నుంచి మోసుకొస్తోంది, పొద్దుటినుంచి అది ఎన్నో బిందె అనే ప్రశ్నలు ఆ బొమ్మల ముందు నిలబడితే మనకు రావు. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే నీళ్లే పదిహేను కిలోలు. ఇత్తడి బరువు దానికి అదనం. ఆ బరువు మోసే మనిషి ఒక పక్కకి ఒరిగిపోయి, ఇంకో చెయ్యి గాలిలోకి చాపి, మొహం బిగబట్టి నడుస్తుంది. బొమ్మల్లో మాత్రం నవ్వుతూ వెనక్కి తిరిగి చూస్తుంది.

మరి బిందె ఒక్కదాన్నే, ఎవరి చంకా లేకుండా, పెరటి గట్టు మీద బోర్లించి ఉన్నదాన్ని, ఒక బొమ్మగా వేస్తే ఎలా ఉంటుంది? చిత్రకళలో ఇలాంటి బొమ్మని స్టిల్ లైఫ్ అంటారు. మనం నిశ్చల చిత్రం అంటున్నాం. ఫ్రెంచివాళ్లు ఏకంగా 'చచ్చిన ప్రకృతి' అని పేరు పెట్టుకున్నారు. ఇంటి సామాను బొమ్మలో కదిలేది ఏదీ లేదు కాబట్టి దానికి కథ కూడా లేదనుకోవడం ఈ పేర్లన్నిట్లోనూ ఉంది. కథ లేదా, లేక ఆ కథ వినాలని ఎవరూ అనుకోలేదా అన్నదే నా సందేహం. గోదావరి జిల్లాల ఇత్తడి బిందెని ఎదురుగా పెట్టుకుని ఆ సందేహాన్ని తేల్చుకోవాలని ఈ ప్రయత్నం.

గోదావరి గట్టున చిత్రకళ గురించి మాట్లాడాలంటే రాజమండ్రి దామెర్ల రామారావు దగ్గరే మొదలవ్వాలి. 1897లో పుట్టి, 1925లో మశూచితో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని చిత్రకారుడిని గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టాడు. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీ ఇవాళ్టికీ రాజమండ్రిలో ఉంది. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'ఋష్యశృంగ బంధనం', 'నందిపూజ' - ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే బొమ్మలు ఇవి. దాదాపు అన్నిట్లోనూ ఆడవాళ్లే. ముస్తాబవుతున్నవాళ్లు, మోహపెడుతున్నవాళ్లు, మొక్కుతున్నవాళ్లు. రేఖలో, రంగులో గొప్ప బొమ్మలు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆంధ్రులకంటూ ఒక చిత్రకళ ఉండాలని తపించిన కాలం అది. పురాణం, చరిత్ర, ప్రకృతి, పండుగ ఆ తపనకి ఆసరా అయ్యాయి. వంటిల్లు ఆసరా కాలేదు. జాతి గర్వపడేలా చూపించుకోదగ్గది వంటింట్లో ఏముందని ఎవరికీ తోచి ఉండదు.

అదే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కుంచె పట్టారు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ. వాళ్ల బొమ్మలూ ఆ గ్యాలరీలో ఉన్నాయి. కానీ వాళ్ల ప్రస్తావన ఎక్కడ వచ్చినా 'రామారావు గారి భార్య కూడా', 'చెల్లెలు కూడా' అన్న మాటతోనే వస్తుంది. ఆ 'కూడా' అనే మాట నన్ను చాలా కాలంగా పీడిస్తోంది. కుంచె కడుక్కున్న చేత్తోనే బియ్యం కడిగినవాళ్లు తాము రోజూ తాకే వస్తువుల్ని ఏ కళ్లతో చూసి ఉంటారని వాళ్లని ఎవరైనా అడిగారా? రామారావు మీద వచ్చినన్ని వ్యాసాలు వాళ్ల మీద రాలేదు. ఒక కుటుంబంలో ముగ్గురు చిత్రకారులుంటే ఒకరిని చరిత్రగా, ఇద్దరిని బంధువులుగా గుర్తుపెట్టుకున్నాం.

ఇంటి వస్తువుని బొమ్మగా వేయడం తక్కువ పని అన్న లెక్క మన దగ్గర పుట్టింది కాదు. బొంబాయి, మద్రాసు ఆర్ట్ స్కూళ్లతో పాటు సముద్రం దాటి వచ్చింది. 17వ శతాబ్దంలో ఫెలిబియాన్ అనే ఫ్రెంచి పండితుడు చిత్రాలకు నిచ్చెన కట్టాడు. పళ్లూ పూలూ వేసేవాడు కింది మెట్టు మీద ఉంటాడు. ప్రకృతి దృశ్యాలు దానికి పైన, ప్రాణమున్న జంతువులు ఆ పైన, మనిషి రూపం ఇంకా పైన, పురాణమూ చరిత్రా అన్నిటికన్నా పైన. మన ఆర్ట్ స్కూళ్లలోనూ కుండనో కూజానో ఎదురుగా పెట్టి గీయించడం చెయ్యి తిరగడానికే. అది అభ్యాసం, కళ కాదు. పిల్లలు 'అఆ'లు దిద్దినట్టు చెంబులు దిద్ది, తర్వాత పెద్ద విషయాలకు వెళ్లాలి.

ఈ నిచ్చెనలో ఒక మోసం ఉంది. నగ్నంగా నిలబడ్డ మనిషిని చూసి గీయడం నేర్చుకోకుండా పురాణ చిత్రాలు వేయలేరు. ఆ తరగతుల్లోకి ఆడవాళ్లని రానివ్వలేదు. 1971లో లిండా నోక్లిన్, గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరు అనే వ్యాసంలో ఈ విషయాన్నే బయటపెట్టింది. లోపం ఆడవాళ్ల ప్రతిభలో లేదు, తలుపు మూసిన సంస్థల్లో ఉంది అని చెప్పింది. పై మెట్ల తలుపులు మూసేస్తే ఆడవాళ్లకి మిగిలింది పళ్లబుట్ట, పూలకుండీ, గిన్నె. వాళ్లు వాటిని వేశారు. బాగా వేశారు. అప్పుడు, ఆడవాళ్లు కూడా వేయగలుగుతున్నారు కాబట్టి అది చిన్న కళ అన్నారు. ఆన్ వాలాయే-కోస్టెర్‌ని 1770లో ఫ్రెంచి అకాడమీ చేర్చుకుంది. ఒకసారికి నలుగురికి మించి ఆడవాళ్లకు చోటు లేని అకాడమీ అది. మన ఇళ్లల్లో వంటకి జరిగిందీ ఇదే. ఆడది రోజూ వండితే అది చాకిరీ, మగవాడు పెళ్లి పందిట్లో వండితే నలభీమ పాకం.

అదే ఫ్రాన్సులో ఇంటి వస్తువుల్నే నమ్ముకుని బతికిన మగ చిత్రకారుడు ఒకడున్నాడు, షార్డాన్. ఆయన వేసిన రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మన బిందె కథ బాగా తెలుస్తుంది. మొదటిది 1733 నాటిది, ఇప్పుడు స్టాక్‌హోంలో ఉంది. రాగితో చేసిన పెద్ద నీళ్ల తొట్టి, కింద కుళాయి. పనిమనిషి వంగి నీళ్లు పట్టుకుంటోంది. తెల్ల టోపీ చాటున ఆమె మొహం దాదాపు కనపడదు. వంగిన వీపు, చేతులు, నీళ్లు - అంతే కనిపిస్తాయి. రెండోది దానికి కొంచెం అటూ ఇటూగా వేసింది, పారిస్ లూవ్రలో ఉంది. జానెడు పైచిలుకు ఎత్తున్న చిన్న చెక్క మీద అలాంటి రాగి తొట్టే. మూడు కాళ్ల పీట మీద నిలబడి ఉంది. పక్కన బకెట్టు లాంటి చెక్క తొట్టి, కూజా. మనిషి లేదు.

విమర్శకులు రెండో బొమ్మని ఆకాశానికెత్తారు. రాగి మీద పడ్డ వెలుగు, ఆ నిశ్శబ్దం, ఆ గాంభీర్యం. నాకూ ఆ బొమ్మంటే ఇష్టమే. దేవుడి విగ్రహానికి ఇచ్చినంత మర్యాద ఒక నీళ్ల తొట్టికి ఇచ్చాడు. ఆడదాని ఒంటికి నగగా కాక, దాని బరువుతో, దాని పొట్టతో, దాని నిలకడతో అది నిలబడింది. మన బిందెకి ఈ గౌరవం ఇంకా దక్కలేదు. కానీ మొదటి బొమ్మ చూశాక రెండోదాని ముందు నిలబడితే మాత్రం ఒక ప్రశ్న వదలదు. ఆ వంగిన మనిషి ఏమైంది? ఆ తొట్టిలో నీళ్లు వాటంతటవి నిండలేదు. రాగి దానంతటది మెరవదు. మనిషిని తీసేస్తేనే వస్తువుకి గాంభీర్యం వచ్చిందంటే, ఆ గాంభీర్యం కోసం ఏం చెరిపారన్నది కూడా చూడాలి కదా.

ఇక్కడే గోదావరి జిల్లాల ఆడవాళ్ల అనుభవం పనికొస్తుంది. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకు పేరుపడ్డ ఊరు. పెళ్లి సారెలో పెట్టే బిందెలు, గుండిగలు, గంగాళాలు అజ్జరం సామానంటే ఒక భరోసా. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఊరూరా కాలువ వచ్చింది, కాలువ గట్టున రేవు వచ్చింది. పైరుకి నీళ్లు వాటంతటవే పారతాయి, ఇంటికి మాత్రం ఆడవాళ్లు మోయాలి. వరద రోజుల్లో ఎర్రనీరు వస్తుంది. చిల్లగింజ అరగదీసి కలిపి, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి, పైనీళ్లు తేర్చి, గుడ్డతో వడకట్టాలి. వేసవిలో కాలువ కట్టేస్తే నూతి దగ్గరో చెరువు దగ్గరో కాపు కాయాలి. ఇంత చేసి తెచ్చిన నీళ్లు తాగే వాళ్లకి కనిపించేది తళతళలాడే బిందె ఒక్కటే.

ఆ తళతళ సంగతే చూడండి. ఇత్తడికి గాలీ తడీ తగిలితే నల్లబడుతుంది, పట్టించుకోకపోతే చిలుమెక్కుతుంది. చింతపండులోని పులుపు ఆ పొరని తినేస్తుంది కాబట్టి తోమితే మెరుస్తుంది. రెండు రోజులు గడిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి, కొబ్బరి పీచు, ఇవన్నీ నూరుకుపోయిన చేతులు. చిత్రకారుడు కుంచె చివరతో ఒక్క తెల్లచుక్క పెట్టి చూపించే మెరుపు వెనక అరగంట తోముడు ఉంది. అందుకే ఇత్తడి బిందె ఉన్న ఏ నిశ్చల చిత్రాన్ని చూసినా నాకు ముందు ఆ మెరుపే కనిపిస్తుంది. ఎవరో ఇందాకే తోమి వెళ్లారని అది చెబుతుంది. బొమ్మలో కదలిక లేదనేది ఎప్పుడూ గిన్నె తోమని వాళ్ల మాట.

మా అమ్మమ్మ బిందె ఇప్పుడు నా దగ్గరుంది. దాని మెడ కింద చుక్కల అక్షరాలతో మా ముత్తాత పేరు, పెళ్లి జరిగిన సంవత్సరం చెక్కి ఉన్నాయి. ఇచ్చినవాడి పేరుంది, పుచ్చుకున్న కూతురి పేరు లేదు. పేర్లు చెక్కించేది ముఖ్యంగా పెళ్లిళ్లకీ పేరంటాలకీ అరువెళ్లిన సామాను తిరిగి ఇల్లు చేరడానికి. అమ్మమ్మకి చదువు రాదు. పది బిందెల్లో తన బిందెని అక్షరాల్ని బట్టి కాదు, అడుగున ఉన్న సొట్టని బట్టి గుర్తుపట్టేది. ఆ సొట్ట నీళ్ల రేవు మెట్ల మీద జారి పడ్డప్పుడు పడింది. అప్పుడు ఆవిడకి ఆరో నెల. ఇంటికొచ్చాక ముందు బిందెకేమైందని అడిగారట. ఈ మాట అమ్మమ్మ కోపంగా చెప్పేది కాదు, అందరిళ్లల్లో జరిగేదే అన్నట్టు చెప్పేది. ఇప్పుడు ఆ బిందె మీద రెండు రాతలున్నాయి. ఒకటి డబ్బులిచ్చి చెక్కించింది, రెండోది బతుకు చెక్కింది. చదవడానికి అక్షరజ్ఞానం సరిపోయేది మొదటిదానికే.

గోదావరి డెల్టాలో పొలమంటే ప్రాణం. ఆ పొలం కొడుకులకి, సామాను కూతుళ్లకి. పసుపుకుంకుమల కింద కూతురికి రెండెకరాలు రాసినా దాని పెత్తనం అల్లుడిది. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం మారి, దేశమంతటా 2005లో మారి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు వచ్చింది. అంతకుముందు తరాల ఆడవాళ్లకి నాదీ అని చెప్పుకోవడానికి ఒంటి మీద బంగారం, అటక మీద ఇత్తడి మిగిలాయి. బంగారం ఎప్పుడైనా తాకట్టుకి వెళుతుంది. బిందె ఇంట్లోనే ఉంటుంది. దాని మీద ఆవిడకున్న మమకారాన్ని 'సామాను పిచ్చి' అని వేళాకోళం చేసిన వాళ్లెవరూ ఆవిడ పేర ఇంకేం ఉందని అడగలేదు.

నాలుగు వందల ఏళ్ల కిందట ఆంట్వెర్ప్‌లో క్లారా పీటర్స్ అనే చిత్రకారిణి ఉండేది. జున్నుముక్కలు, బాదంపప్పులు, గ్లాసులు, పళ్లేలు వేసేది. తన బొమ్మలు కొన్నింట్లో ఒక వెండి చాకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెళ్లికి ఇచ్చే చాకు అది. దాని పిడి మీద 'క్లారా పీటర్స్' అని చెక్కి ఉంటుంది. బొమ్మ మూలన సంతకం పెట్టాల్సింది పోయి ఇంటి సామాను మీద పెట్టింది. అంతటితో ఆగలేదు. కూజా మూత మీద, గిన్నె బుడిపె మీద, లోహం మెరిసే చోట పరీక్షగా చూస్తే ఒక చిన్న మొహం కనిపిస్తుంది. కుంచె పట్టుకుని నిలబడ్డ ఆమె మొహమే. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్రలో ఒక స్త్రీ చిత్రకారిణికి ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది 2016లో. అది ఈమెకే.

షార్డాన్ తొట్టి పక్కన క్లారా కూజాని పెట్టి చూడండి. ఆయన మెరుపు వెలుగుని చూపిస్తుంది. ఆమె మెరుపు ఎదురుగా ఎవరున్నారో చూపిస్తుంది. వస్తువుని ఒంటరిగా వేస్తూనే మనిషిని చెరపకుండా ఉండే దారి ఇక్కడ ఉందని నాకు అనిపిస్తుంది. ఆడమనిషిని తెచ్చి బిందె పక్కన నిలబెట్టక్కర్లేదు. పేరు, సొట్ట, అరిగిన అంచు, కళాయి వదిలిన మచ్చ, తోమిన చెయ్యి తిరిగిన గీతలు కనిపిస్తే చాలు.

అయితే ఎవరి చెయ్యి? ఈ ప్రశ్న దగ్గర మనలో చాలామందికి మాట తడబడుతుంది. అమ్మమ్మ బిందె తోమింది ఎప్పుడూ అమ్మమ్మ కాదు. పెరట్లో నూతి పక్కన కూర్చుని ఇంకొకామె తోమేది. తోమిన గిన్నెల మీద నీళ్లు చల్లి గానీ లోపలికి తీసుకునేవాళ్లు కాదు. మెరుపు తెచ్చిన చెయ్యే మైల అయింది. ఆమె ఇంట్లో కుండో, సత్తు బిందో తప్ప ఇత్తడి ఉండేది కాదు. బిందె మీద పేరు ఆమెది కాదు, సొట్ట ఆమెది కాదు. ఇత్తడి బిందెని స్త్రీల వారసత్వం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈమెని రెండోసారి పెరట్లోనే ఉంచినట్టు.

నీళ్ల దగ్గర కులం ఏం చేస్తుందో తెలుగువాళ్లకి ఒక బిందె గుర్తు చేసింది. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, దళితులు తాగే చెరువు నీళ్లని పాడుచేయొద్దన్న కుర్రాడిని అగ్రకులం వాళ్లు కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదకి దెబ్బ వస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆ రోజు నుంచి తెలుగునాట బిందె నడుం మీది నగ మాత్రమే కాదు. కేలండర్ బొమ్మకి సరైన జవాబు చిత్రశాలలో కాదు, ఆ చెరువు గట్టున దొరికింది. బిందె గురించి ఏ విమర్శ రాసినా సువార్త ఎత్తిన బిందెని దాటి పోలేం.

ఇప్పుడు ఇత్తడి బిందెకి కొత్త గౌరవం వచ్చింది. హోటళ్ల వాకిళ్లలో నీళ్లు పోసి పూలరేకులు చల్లిన గంగాళాలు, ఫ్లాట్లలో టీవీ పక్కన మరచెంబులు, డ్రాయింగు రూముల్లో వాటి బొమ్మలు. నల్లబడకుండా పైన పూత కూడా వేస్తారు కాబట్టి తోమే పని లేదు. పేర్లున్న చోట అరగదీసి నునుపు చేసిన బిందెలు కూడా చూశాను. సొట్టలు తీయించేస్తారు. సంప్రదాయం మీద ప్రేమ అంటారు దీన్ని. పని చేసినన్నాళ్లు వంటింటి చీకట్లో ఉండి, పని మానేశాక ముందు గదిలోకి వచ్చింది బిందె. మనిషికైతే ఆ అవకాశం కూడా లేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు. అడగాల్సింది వాళ్లనే. మన బిందెని చంక నుంచి దించి వెయ్యండి. మెరుపు ఎవరు తెచ్చారో తెలిసేలా, అక్షరాలు చదవగలిగేలా, సొట్ట సొట్టలాగే ఉండేలా వెయ్యండి. పక్కన పెరట్లో ఇంకో బిందె ఉందని, దానికి ఇత్తడి లేదని మర్చిపోకుండా వెయ్యండి. బొమ్మలు రానివాళ్లం ఇంకో పని చెయ్యొచ్చు. అటక మీద సామాను తూకానికి వేసేముందు ఒక్కొక్కటీ దించి, మెడ కింద ఎవరి పేరుందో, ఎవరిది లేదో చదివి రాసిపెట్టుకోవచ్చు. ఎవరు తోమారో ఇంట్లో పెద్దవాళ్లని అడగొచ్చు. వాళ్లు చెప్పే పేర్లు కూడా ఆ పక్కనే రాసుకోవాలి.